అల్మారా నిండింది, వాచ్‌లిస్టూ నిండింది... సాయంత్రం మాత్రం అదే పాత పైజమా!

ప్రశ్న: నేను ఎక్కువగా ఇంటి నుంచే పనిచేస్తాను. ‘ఈ వారం నాకు నచ్చినవి’ అంటూ వచ్చే జాబితాలు చూడటం నాకో అలవాటు. వాటిలో సగం ఒంటికి హాయిగా ఉండే బట్టలు, సగం చూడదగ్గ సిరీస్‌లు. మెత్తగా ఉందంటే కొనేస్తాను, బాగుందంటే వాచ్‌లిస్టులో వేసేస్తాను. ఇప్పుడు అల్మారా తలుపు మూసుకోవడం లేదు. వాచ్‌లిస్టు చివర ఏముందో నాకే తెలీదు. అయినా సాయంత్రమయ్యేసరికి అదే పాత పైజమా, మెడ సాగిపోయిన అదే టీషర్టు. టీవీ ముందు కూర్చుంటే ఏం చూడాలో తేలేలోపే అరగంట పోతుంది. తీరా పెట్టాక మాటలు సరిగ్గా వినబడవు, కాసేపటికి కాళ్లు చల్లబడతాయి, ఇంకాసేపటికి నిద్ర. ‘నీకు కొనడంలో ఉన్న సరదా వాడటంలో లేదు’ అంటుంది మా అక్క. నిజంగా హాయినిచ్చే బట్టలు, నిజంగా నచ్చే కార్యక్రమాలు ఎంచుకోవడం ఎలా?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: మీ అక్క మాటను తీసిపారేయలేం కానీ పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు కూడా. ‘సాయంత్రమయ్యేసరికి అదే పాత పైజమా’ అని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకైతే సగం జవాబు అందులోనే కనిపించింది. అన్ని కొత్త బట్టలుండగా రోజూ చెయ్యి దాని మీదికే పోతోందంటే అందులో ఏదో విషయం ఉంది. అదేమిటో తెలుసుకోకుండా ఎన్ని కొన్నా అల్మారా బరువెక్కుతుంది తప్ప మీ సాయంత్రాలు మారవు.

మీరు చదివే జాబితాలతో ఒక చిక్కుంది. వాటిలో చాలావరకు వస్తువు చేతికొచ్చిన ఉత్సాహంలో రాసేవే. కొత్త బట్ట చేతికి అంత మెత్తగా తగలడానికి నూలు ఒక్కటే కారణం కాదు. బట్ట తయారీలో చివరన దాన్ని మెత్తబరిచే రసాయనాలు పట్టిస్తారు. నాలుగైదు ఉతుకులయ్యేసరికి ఆ మెత్తదనంలో చాలా భాగం పోతుంది. ఆ తర్వాత మిగిలేదే అసలు బట్ట. సిరీస్‌ల సంగతీ ఇంతే. మొదటి ఎపిసోడ్‌కు పెట్టినంత శ్రద్ధ నాలుగో ఎపిసోడ్‌కు పెట్టారో లేదో మొదటి రోజు రాసేవాళ్లకు తెలిసే అవకాశం లేదు.

అందుకే లెక్క వారం మొదట్లో కాకుండా వారం గడిచాక చూసుకోవాలి. బట్టల లెక్క మాసిన బట్టల బుట్టలో దొరుకుతుంది. ఏది ఎక్కువసార్లు అందులో పడింది? ఆరేసిన చోటు నుంచి మడత కూడా పడకుండా నేరుగా ఒంటి మీదికొచ్చింది ఏది? ఆ వారం మీకు నచ్చిన బట్ట అదే, ఎవరి జాబితాలో ఏమున్నా సరే. టీవీకైతే ఇంకా తేలిక. మర్నాడు ఎవరూ గుర్తుచేయకుండా మీ అంతట మీరే వెతుక్కుని పెట్టుకున్నది ఏదో చూడండి. ‘సగంలో ఉంది కదా, పూర్తి చేయాలి’ అనిపించినవి లెక్కలోకి రావు.

ఇప్పుడు ఆ పాత పైజమాను వెలుతురులోకి తెచ్చి తిరగేసి చూడండి. మెత్తగా సాగుతోందంటే అది టీషర్టులకు వాడే అల్లిక గుడ్డ అయ్యుంటుంది. షర్టులకు వాడే నేత గుడ్డలో దారాలు నిలువూ అడ్డంగా బిగిసి ఉంటాయి. అల్లిక గుడ్డలో చిన్న చిన్న ఉచ్చులు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి కాబట్టి మనం ఎటు కదిలితే అటు వస్తుంది. లేబుల్ చెరిగిపోకుండా ఉంటే 95 శాతం కాటన్, 5 శాతం ఎలాస్టేన్ లాంటి అంకెలు కనిపించవచ్చు. ఎలాస్టేన్ అంటే రబ్బరులా సాగే పోగు. స్పాండెక్స్ అన్నా అదే, లైక్రా అన్నది దాని బ్రాండ్లలో ఒకటి. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ దీన్ని కనిపెట్టారు. ఒళ్లు బిగించి కట్టే లోదుస్తుల్లో రబ్బరుకు బదులు వాడాలన్నది అప్పటి ఉద్దేశం. తమాషా చూడండి, బిగించడానికి పుట్టిన పోగు ఇప్పుడు వదులు బట్టల్ని కాపాడుతోంది. అది లేని అల్లిక ప్యాంటుకు గంటసేపు కూర్చుంటే మోకాళ్ల దగ్గర ఉబ్బు మిగిలిపోతుంది. ఆ కొద్ది శాతం ఉంటే మళ్లీ సర్దుకుంటుంది. దీనికి వేడి మాత్రం పడదు. మరీ వేడి నీళ్లలో ఉతికినా, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి పెట్టినా సాగే గుణం క్రమంగా చచ్చిపోతుంది.

తర్వాత చూడాల్సింది మందం. కొన్ని లేబుళ్ల మీద, ఆన్‌లైన్ వివరాల్లో జీఎస్‌ఎం అని ఒక అంకె ఉంటుంది. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. 150 చుట్టూ ఉంటే పల్చని టీషర్టు, 180 నుంచి 200 దాకా కాస్త ఒంటిమీద నిలబడే టీషర్టు. 250 దాటితే లోపలివైపు చిన్న చిన్న ఉచ్చులుండే ఫ్రెంచ్ టెర్రీ లాంటి బరువైన గుడ్డ. ఫొటోలో ఇవన్నీ ఒకేలా మెత్తగా కనిపిస్తాయి. మీరు ముచ్చటపడి కొని వాడకుండా వదిలేసినవి తీసి చూడండి. వాటిలో ఎక్కువ భాగం మీ గదికి మరీ మందమో మరీ పల్చనో అయ్యుంటాయని నా అనుమానం.

పోగు సంగతి కూడా కొంచెం తెలియాలి. మామూలు గాలిలో కాటన్ తన బరువులో 8 శాతం దాకా తేమ పీల్చుకుని ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. అందుకే నూగులా మెత్తగా ఉండే పాలిస్టర్ ఫ్లీస్ తొడగ్గానే వెచ్చగా, భలేగా ఉంటుంది కానీ ఓ గంట గడిచాక వీపు దగ్గర జిగటగా అనిపిస్తుంది. అలాగని పాలిస్టర్‌ను మొత్తంగా పక్కన పెట్టక్కర్లేదు. త్వరగా ఆరుతుంది, రంగు నిలుస్తుంది, పైన వేసుకునే జాకెట్‌కు బాగానే ఉంటుంది. చర్మానికి తగిలే పొరలో మాత్రం నేను దానికి ఓటు వేయను. విస్కోస్, అంటే మనం రేయాన్ అనేది, చల్లగా జారుతూ ఒంటిని పట్టుకుని ఉంటుంది. చూడ్డానికి అందం కూడా. కానీ తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, పిండితే రూపం చెడుతుంది. అదే జాతిలో మోడల్ అన్న పోగు తడిలో ఇంకాస్త గట్టిది. లోపలి టీషర్టులకు, పడుకునే బట్టలకు నాకు నచ్చేది అదే.

కొనేటప్పుడు అందరూ చేసే పొరపాటు నిలబడి చూసుకోవడం. ఇంట్లో వేసుకునే బట్టలో మీరు నిలబడేది ఎంతసేపు? ట్రయల్ రూములో స్టూలు ఉంటే కూర్చోండి, లేకపోతే గొంతుక్కూర్చోండి. కూర్చుంటే నడుము కొలత పెరుగుతుంది. నిలబడినప్పుడు సరిగ్గా సరిపోయిన ఎలాస్టిక్ అప్పుడు పొట్టను కోస్తుంది. వెనకవైపు నడుము పట్టీ కిందికి జారుతోందా అని చేత్తో తడిమి చూడండి. జారిందంటే ఆ ప్యాంటుకు వెనక ఎత్తు చాలలేదన్నమాట, సైజు పెంచినా పెద్దగా ప్రయోజనం ఉండదు. ఎలాస్టిక్ వెడల్పుగా, నాలుగైదు వరుసల కుట్టుతో ఉంటే లోపల మెలి తిరగదు. సన్నటి ఎలాస్టిక్ గొట్టంలా కుట్టిన పట్టీలో ఉంటే కొన్ని ఉతుకులకే తాడులా చుట్టుకుపోతుంది. తొడ కిందికి వచ్చే కుట్టు, మెడ వెనక గరుకు లేబుల్, జేబులో ఫోను పెడితే ఒకవైపు జారిపోయే నడుము... వీటిని కొనేటప్పుడు ఎవరం పట్టించుకోం. వాటితో మూడు గంటలు గడిపితే అప్పుడు తెలుస్తుంది బాధ.

మీ టీషర్టు మెడ సాగిపోవడానికి దాని వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు. తడి టీషర్టును హ్యాంగర్‌కు తగిలించినా, భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీసినా నీళ్ల బరువంతా మెడ, భుజాల మీదే పడుతుంది. సగానికి మడిచి తీగ మీద వేయండి, లేదా పరిచి ఆరబెట్టండి. తొడలు రాసుకునే చోట ఉండలు కడుతోందంటే గుడ్డలో పొట్టి పోగులు ఎక్కువున్నాయన్నమాట. కొనేముందు గుడ్డను గుడ్డతోనే కాసేపు గట్టిగా రుద్ది చూస్తే కొంత తెలిసిపోతుంది. దుకాణంవాళ్లు అదోలా చూస్తారు, చూడనీయండి.

ఇంటి నుంచి పని అన్నారు కాబట్టి ఒక్క మాట. వీడియో మీటింగులకు సన్న గీతలు, చిన్న గళ్ల చొక్కాలు వద్దు. కెమెరాలో అలలు అలలుగా మినుకుమంటాయి, ఎదుటివాళ్ల చూపంతా అక్కడే ఉంటుంది. పైన కాలర్ చొక్కా, కింద అల్లిక ప్యాంటు అన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన రహస్యమే. పని ముగిశాక మాత్రం బట్టలు మార్చుకోండి. పొద్దున లాప్‌టాప్ ముందు కూర్చున్న అదే పైజమాలో రాత్రి టీవీ ముందు కూర్చుంటే ఏది పనో ఏది విశ్రాంతో తేడా తెలియదు. మీరు రిమోట్ పట్టుకుని అరగంట తేల్చుకోలేకపోవడంలో దీని పాలు కూడా ఉందేమో అనిపిస్తోంది.

కాళ్లు చల్లబడటం గురించి. చాలామంది దీనికి మందపాటి ప్యాంటు కొంటారు, అక్కడితో సమస్య తీరదు. కదలకుండా కూర్చున్న మనిషి శరీరం చదరపు మీటరుకు సుమారు 58 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఇంట్లో తిరుగుతూ పనులు చేసుకునేటప్పుడు అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే మీరు పనిచేస్తున్నప్పుడు హాయిగా ఉన్న బట్ట కూర్చున్న గంటకు చాలకపోవడం మామూలే. బట్టల వెచ్చదనానికి ఒక కొలమానం కూడా ఉంది. 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని ప్రతిపాదించారు, పేరు క్లో. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండటానికి ఎంత బట్ట కావాలో అది ఒక క్లో. కోటూ ప్యాంటూ వేసుకుంటే సుమారుగా అంత వస్తుంది. మామూలు ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా కలిపితే దాదాపు 0.57 మాత్రమే. కూర్చున్నప్పుడు ఆ తేడాను పూడ్చడానికి సాక్సులు, ఒళ్లో వేసుకునే ఒక దుప్పటి చాలు. లేచినప్పుడు తీసేయొచ్చు కూడా. మందపాటి ప్యాంటును అలా తీసేయలేం కదా, అందుకే అది వారానికోసారి కూడా బుట్టలో పడదు. అరగంటకో ముప్పావుగంటకో లేచి నాలుగడుగులు వేసినా కాళ్లు కొంత కుదుటపడతాయి. ఒకే పాదం ఎప్పుడూ చల్లబడుతున్నా, తిమ్మిరితో పాటు నొప్పి ఉన్నా మాత్రం బట్టల మీదికి నెట్టకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇక టీవీ. ఏం చూడాలన్న నిర్ణయం టీవీ ముందు కూర్చుని తీసుకోవద్దు. అలసిపోయి కూర్చున్నాక పోస్టర్ల వరుసలు తిప్పుతుంటే ఎవరికైనా ఏదీ నచ్చదు. పగలు ఏదో టైములో, ‘ఈ రాత్రికి ఇది’ అని ఒక్కటి అనుకోండి. రాత్రి అది పది పదిహేను నిమిషాలకు కూడా పట్టుకోకపోతే ఆపేయండి, రెండోదాన్ని మాత్రం వెతకొద్దు. ఎప్పుడో చూసి నచ్చినదాన్ని మళ్లీ పెట్టుకోండి. అలా మళ్లీ చూడటానికి మొహమాటపడేవాళ్లు ఎందరో. మీరు రోజూ ఆ పాత పైజమా తొడుక్కున్నట్టే ఇదీనూ. ఎవరు ఎప్పుడు ఏమంటారో ముందే తెలుసు కాబట్టి మనసు మీద బరువుండదు, మధ్యలో నిద్రపోయినా నష్టం లేదు. కొత్త సిరీస్‌లను నిద్ర రాని రోజులకు దాచుకోవచ్చు.

వాచ్‌లిస్టును అప్పులా చూడకండి. అందులో వేసినంత మాత్రాన చూసి తీరాలన్న రూలేమీ లేదు. ఆర్నెల్లుగా ముట్టనివి తీసేయండి. నిజంగా మంచిదైతే దాని పేరు మళ్లీ ఎవరో ఒకరి నోట వినబడుతుంది.

ఒకదాని వెనక ఒకటి చూస్తూ పోవడం మీ బలహీనత ఒక్కటే అనుకోకండి. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ మొదటి సీజన్ 13 ఎపిసోడ్లనూ ఒకే రోజు విడుదల చేసింది. వారానికొకటి అన్న పాత పద్ధతి ఆ తర్వాత చాలాచోట్ల సడలిపోయింది. ఒకటి ముగియగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు దీనికి తోడైంది. 1955లో జెనిత్ కంపెనీలో యూజీన్ పోలీ తొలి వైర్‌లెస్ టీవీ రిమోట్ తయారుచేసినప్పుడు, విసిగించే ప్రకటనల గొంతు నొక్కొచ్చని కంపెనీ ప్రచారం చేసుకుంది. కుర్చీలోంచి లేవకుండా అక్కర్లేనిదాన్ని ఆపడం అన్నమాట. మీరూ ఆ పనికే వాడండి. తర్వాతి ఎపిసోడ్ తనంతట తాను మొదలయ్యే సదుపాయాన్ని నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయవచ్చు. పోస్టర్ మీద ఆగగానే ట్రైలర్ మోత మొదలయ్యే ప్రివ్యూలనూ అక్కడే ఆపుకోవచ్చు. ఇంకో కిటుకు ఏమిటంటే, ఎపిసోడ్ చివర కాకుండా మధ్యలో ఆపడం. ఉత్కంఠ అంతా చివరి నిమిషాల్లోనే పేర్చి పెడతారు, దాన్ని విప్పేది తర్వాతి ఎపిసోడ్ మొదట్లో. ఆ ముడి విడిపోయాక ఓ పది నిమిషాలకు ఆపితే టెన్షన్ లేకుండా లేవగలుగుతారు. నిద్ర త్వరగా వచ్చే రోజుల్లో నిడివి చూసి ఎంచుకోండి. అరగంట స్లాట్ కోసం తీసిన కామెడీలు ప్రకటనలు పోను 22 నిమిషాల చుట్టూ ఉంటాయి. గంట డ్రామా మొదలుపెట్టి సోఫాలో మెడ వాల్చడం కన్నా అది నయం.

మాటలు వినబడకపోవడం మీ చెవుల తప్పే అయ్యుండాలని లేదు. టీవీలు పల్చబడ్డ కొద్దీ స్పీకర్లకు చోటు తగ్గింది. చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. పైగా సినిమాలు, సిరీస్‌ల శబ్దాన్ని ఎక్కువగా 5.1 పద్ధతిలో, అంటే అయిదు స్పీకర్లు, బరువైన శబ్దాలకు ఇంకొకటి ఉంటాయన్న లెక్కతో కలుపుతారు. అందులో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. మీ టీవీలో ఆ మధ్య స్పీకరే ఉండదు, అన్నీ రెండింటిలోకి కుదించుకుపోతాయి. అందుకే పేలుళ్లు ఇల్లు అదరగొడతాయి, గుసగుసలు మాయమవుతాయి. ఆడియో ఎంపికల్లో 5.1 బదులు స్టీరియో ఉంటే అది పెట్టి చూడండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో మాటలను పైకి తెచ్చే మోడ్, రాత్రిపూట శబ్దాల ఎగుడుదిగుళ్లు తగ్గించే నైట్ మోడ్ ఉంటే అవి నొక్కండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. సినిమా మరీ నున్నగా, సీరియల్ షూటింగ్ పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉందా? టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉన్నట్టే. సినిమాలను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, టీవీ మధ్యలో లేని ఫ్రేములను కల్పించి పోస్తుంది. 2018 చివర్లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి దాన్ని ఆపుకోండని వీడియో పెట్టారు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ అనే సంఘం, ఈ స్మూతింగ్‌ను ఆపేసే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటించింది. మీ టీవీలో ఆ మోడ్ ఉంటే సినిమాలకు అది పెట్టుకోండి. ఆటల పోటీలకు మాత్రం స్మూతింగ్ ఉన్నా ఫర్వాలేదు.

జాబితాలు చదవడం మానమని నేను చెప్పను, అదీ ఒక కాలక్షేపమే. చదివేటప్పుడు ఒకటి గమనించండి. రాసినవాళ్లు ఆ బట్టను ఉతికారా? ‘నిన్నే వచ్చింది, ప్రేమలో పడ్డాను’ అన్న మాటకూ ‘ఉతికి ఉతికి రంగు వెలిసింది, ఇప్పటికీ వదల్లేదు’ అన్న మాటకూ చాలా తేడా ఉంది. రెండోది రాసినవాళ్ల మాట వినండి. పక్కనే కొనే లింకు ఉండి, దాని మీద వాళ్లకు కమిషన్ వస్తుందంటే పొగడ్తలో కొంత తగ్గించుకుని చదవండి. వాళ్ల గది వెచ్చదనం, వాళ్ల ఎత్తు, వాళ్లకు చెమట పట్టే తీరు మీవి కావన్న సంగతి సరేసరి.

ఉన్న బట్టలన్నీ ఒక్కరోజులో వదిలించుకోవాలని కూర్చోకండి, అలాంటి ఆవేశం వచ్చే సేల్ దాకా కూడా నిలవదు. వాడనివాటిలోంచి ఒక్కటి తీసి ఈ వారం కుర్చీ మీద, పాత పైజమా పక్కనే పెట్టండి. వారంలో ఒక్కసారి కూడా దాని వంతు రాకపోతే అది ఎవరికివ్వాలో ఆలోచించండి. బహుశా మీ అక్కకే సరిపోతుందేమో అడగండి. వంతు వస్తే ఉంచుకోండి, వచ్చే వారం ఇంకొకటి. ఈలోగా మీ పైజమా చిరిగేలోపు దాని లేబుల్‌కు, నడుము పట్టీకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఈసారి కొనేటప్పుడు ఏ జాబితా కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఏదో ఒకటి కొనాలని చెయ్యి దురద పెడితే ఒక జత మందపాటి సాక్సులు కొనండి. మాటల సమస్య సెట్టింగులతో తీరకపోతే మధ్య స్పీకర్ విడిగా ఉండే సౌండ్‌బార్ గురించి ఆలోచించవచ్చు. ముందు ఆ సెట్టింగులు మార్చి ఓ వారం చూడండి.